మెదడువాపు తగ్గింది కదా, మళ్లీ ఫిట్స్ ఎందుకు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, నకిరేకల్ దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. మా ఆయనకు 38, తాళ్లెక్కి కల్లు గీస్తడు. పోయిన దసరా ముందు నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి. ఐదో రోజు నన్ను చూసి చచ్చిపోయిన వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచిండు. నీళ్లు అడగాలన్నా మాట దొరకలేదు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చినయ్. నల్లగొండ తీసుకపోతే హైదరాబాద్‌కు రాసిండ్రు. అక్కడ తలకు ఎం.ఆర్.ఐ. తీసి, వెన్నుల నీరు తీసి పరీక్ష చేసి 'హెర్పిస్ మెదడువాపు' అన్నరు. 21 రోజులు ఇంజక్షన్లు ఇచ్చిండ్రు. బతికి ఇంటికొచ్చిండు. ఫిట్స్ మాత్రలు సంక్రాంతి దాక వేసుకున్నడు. ఫిట్స్ లేవు కదా, పైగా మాత్రతోటి కోపం ఎక్కువైతుందని మానేసిండు. ఉగాది దాటినంక ఒక రాత్రి నిద్రల ఫిట్స్ వచ్చినయ్. పోయిన వారం కల్లు అమ్మే మండువ కాడ మళ్లొచ్చినయ్. జబ్బు తిరగబెట్టిందా? కొందరు గాలి అంటున్నరు, కొందరు కల్లు తగ్గించినందుకే అంటున్నరు. శివరాత్రి సంది పరాకు కూడా ఎక్కువైంది. కల్లు లొట్టి చేతిల పట్టుకొని ఎటో చూస్తడు, పిలిస్తే పలుకడు, నోరు చప్పరిస్తడు, కాసేపటికి ఏం కానట్టే ఉంటడు. మా చిన్నోడికి రెండేళ్లప్పుడు జ్వరంల ఒకసారి ఫిట్స్ వచ్చినయ్, వాడికీ ఇదే జబ్బా? తాళ్లెక్కకుంటే మాకు గడవదు. ఇంకొకటి. మా ఆడబిడ్డ భర్త ఫోన్‌ల చూసి, హెర్పిస్ అంటే సుఖరోగం అన్నడు. అప్పటి సంది నాకు నిద్ర పడుతలేదు.

సమాధానం: చెల్లెమ్మా, మీరు ఉత్తరం చివర రాసినదాని దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ రాసి, అది చివర్లో రాశారంటే మిమ్మల్ని ఎక్కువగా తొలుస్తున్నది అదేనని నాకనిపించింది.

మీ ఆయనకు వచ్చింది తప్పు తిరుగుళ్ల జబ్బు కాదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్‌లో రెండు రకాలున్నాయి. లైంగిక సంబంధాల వల్ల వచ్చేది ఎక్కువగా రెండో రకం. పెద్దవాళ్లలో మెదడువాపు తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటో రకమే. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున నీటిపొక్కులు లేస్తాయి చూడండి, అవి దాని పనే. ఇది చాలామందికి చిన్నతనంలోనే అంటుకుంటుంది. ముద్దాడిన మేనత్త నుంచో, ఒకే గ్లాసులో నీళ్లు తాగిన పిల్లవాడి నుంచో వచ్చి, నరాల్లో దాక్కుని జీవితాంతం ఉండిపోతుంది. మీలోనూ, నాలోనూ, ఫోన్‌లో చూసి చెప్పిన ఆ పెద్దమనిషిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అది ఎవరో ఒకరిలో మెదడులోకి ఎందుకు ఎక్కుతుందో వైద్యానికి ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. అలా ఎక్కడం మాత్రం చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికో నలుగురికో. మీ ఆయన ఆ కొద్దిమందిలో ఒకడయ్యాడు, అంతే. ఆయన పక్కన పడుకున్నా, కలిసి తిన్నా మీకు గానీ పిల్లలకు గానీ మెదడువాపు రాదు. ఆస్పత్రిలో ఆ పేరు చెప్పినవాళ్లు ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఈ మాట కూడా చెప్పి ఉంటే మీకు ఇన్ని రాత్రులు నిద్ర చెడేది కాదు. మా డాక్టర్లకు ఆ రెండు నిమిషాలే దొరకవు. తప్పు మాదే.

మీ ఆయన బతికి రావడం చిన్న విషయం కాదు, అదీ తెలుసుకోండి. మందు లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పది మందిలో ఏడుగురు చనిపోయేవాళ్లు. 1980లలో ఎసైక్లోవిర్ ఇంజక్షన్ వచ్చాక ఆ లెక్క మారింది. ఎనిమిది గంటలకొకటి చొప్పున 21 రోజులంటే 63 ఇంజక్షన్లు. అమ్మ పేరు పెట్టి పిలిచినప్పుడు దయ్యం పట్టిందని ఎవరింటికో తిప్పకుండా ఆస్పత్రికి తీసుకుపోయారు చూడండి, ఆయన్ని నిలబెట్టింది అదే. ఈ మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టిన వాక్యం. మీరు దాన్ని పరాకు అని రాశారు. లొట్టి పట్టుకొని ఎటో చూడటం, పిలిస్తే పలకకపోవడం, నోరు చప్పరించడం, కాసేపటికి మామూలైపోవడం. అది పరాకు కాదమ్మా. అది కూడా ఫిట్సే.

ఫిట్స్ అంటే కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట్లో నురగ అనే మనందరి లెక్క. కానీ మెదడులో ఒక మూలనే మొదలై ఆ మూలనే ఆగిపోయే ఫిట్స్ ఇలాగే ఉంటుంది. హెర్పిస్ వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది చెవి పైన, కణత లోపల ఉండే భాగాన్ని. జ్ఞాపకం, మాట, వాసన అన్నీ ఆ చుట్టుపక్కలే. అందుకే జ్వరంలో ఆయనకు మాట దొరకలేదు, మనుషులు తారుమారయ్యారు. ఇప్పుడు ఫిట్స్ పుట్టేదీ అక్కడే. నోరు చప్పరించడం, చొక్కా గుండీలు తడుముకోవడం, చూపు నిలిచిపోవడం దాని గుర్తులు. కొందరికి ముందు కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు ఉంటుంది, లేని వాసన వస్తుంది, ఇప్పుడు జరుగుతున్నది ఇంతకుముందే జరిగిందనిపిస్తుంది. ఆయన్ని మెల్లగా అడిగి చూడండి. 'అవును, ఏదో కాలిన వాసన వస్తది' అని చెప్పినా ఆశ్చర్యం లేదు. మగవాళ్లు ఇలాంటివి అడిగితే తప్ప చెప్పరు.

అంటే ఫిట్స్ ఉగాది తర్వాత మొదలు కాలేదు. శివరాత్రి నుంచే ఉన్నాయి. మాత్రలు మానేసిన కొన్ని వారాలకే.

జబ్బు తిరగబెట్టిందా అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించడం లేదు. వైరస్ మళ్లీ లేస్తే జ్వరం, తలనొప్పి, మనిషి రోజురోజుకూ తికమకపడటం, మగతగా పడుకోవడం ఉంటాయి. మీ ఆయన ఫిట్స్ ఆగాక ఏం కానట్టే ఉంటున్నాడు. ఇది వైరస్ పోయాక మిగిలిన మచ్చ. కాలిపోయిన మోటరు వైరుకు అతుకు వేస్తాం. మోటరు నడుస్తుంది, నీళ్లు పోస్తుంది, కానీ ఆ అతుకు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. జ్వరంలో వచ్చిన ఫిట్స్ వైరు కాలుతున్నప్పటివి, ఇప్పటివి అతుకు దగ్గరివి. రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే 'జబ్బు తగ్గింది కదా, ఇక మాత్రలెందుకు' అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. జబ్బు తగ్గినందుకు ఇచ్చిన మాత్రలు కావవి, మచ్చ మిగిలినందుకు ఇచ్చినవి.

ఇదేమీ మీ ఆయన ఒక్కడికే వచ్చిన వింత కాదు. 1988లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో, వైరస్ మెదడువాపు వచ్చి, ఆ జబ్బు ఉండగానే ఫిట్స్ కూడా వచ్చినవాళ్లలో నూటికి 22 మందికి తర్వాత ఇరవై ఏళ్లలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. జబ్బులో ఫిట్స్ రానివాళ్లలో నూటికి పది మందికే వచ్చాయి.

గాలి సోకింది అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. తాయత్తు కడతామంటే కట్టనివ్వండి, చేతికి తాయత్తు ఉంటే కడుపులోకి మాత్ర పోకుండా ఏమీ ఆగదు. పొగ వేయడం, కొట్టడం, వాతలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

కల్లు సంగతి కొంచెం చిక్కు. మీ ఊరివాళ్లు అంటున్నదాంట్లో సగం నిజం ఉంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మా పాలమూరు వైపు అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి తాగి, అది ఒక్కరోజు దొరక్కపోతే వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రికి వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. చెట్టు దించిన కల్లులో ఆ మందులుండవు గానీ మత్తు మత్తే. మీ ఆయన ఎప్పుడు తగ్గించాడు, అంతకుముందు పూటకు ఎంత తాగేవాడు అనేది మీరు రాయలేదు. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. అయితే పరాకు చూపు శివరాత్రి నుంచీ ఉందంటే, అసలు కారణం మచ్చ, కల్లు దానికి ఎగదోపు అనే నాకనిపిస్తోంది. అందుకని 'తగ్గించినందుకే వచ్చినయ్, మళ్లీ పోయండి' అనేవాళ్ల మాట వినకండి. ఒక్కసారిగా బంద్ చేయించడమూ వద్దు. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొద్దుపోయాక తాగి, నిద్ర సగమైతే ఆ మచ్చకు అదీ ఎగదోపే.

ఇక తాళ్లు. ఇంత కష్టమైన మాట ఈ శీర్షికలో ఇంతకుముందు రాయలేదు. ఈరోజు నుంచే ఎక్కనివ్వకండి. ఫిట్స్ పూర్తిగా అదుపులోకి వచ్చాయని డాక్టరు చెప్పేదాకా వద్దు. ఆ తర్వాత కూడా, నన్నడిగితే, వద్దనే అంటాను. మా ఇంటి వెనక ఈతవనం ఉండేది. మోకు వేసుకొని, ముస్తాదు నడుముకు కట్టుకొని పైకి పోయే మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ని. ఆ పనిలో ఒక్క క్షణం చూపు చెదిరితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్ ఉంది కదా అంటారు. మంచిదే, కాలు జారినవాణ్ని అది ఆపుతుంది. కానీ నలభై అడుగుల ఎత్తున తెలివి తప్పి కొట్టుకుంటున్న మనిషిని కిందికి దించేదెవరు? చేతిలో గీతకత్తి ఉంటుంది. పోయిన వారం ఫిట్స్ కింద మండువ దగ్గర వచ్చాయి కాబట్టి సరిపోయింది.

గడవదని రాశారు. దానికి నా దగ్గర మందు లేదు. గీత కార్మికుల పింఛనుకు 50 ఏళ్లు నిండాలి, మీ ఆయనకు అందదు. మీ గీత సంఘం పెద్దల్ని ఇంటికి పిలిచి, ఉన్న సంగతి చెప్పి, ఆయన వంతు తాళ్లను ఇంకొకరు గీసి వాటా ఇచ్చేలా మాట్లాడుకోండి. గీసేవాళ్లు తగ్గిపోతున్న రోజుల్లో తాళ్లు అడిగేవాళ్లు దొరకకపోరు. అమ్మకం చూసుకొమ్మని కొందరు సలహా ఇస్తారు. రోజంతా కల్లు ముందు కూర్చోబెట్టి తాగొద్దనడం ఎంతవరకు సాగుతుందో మీకే తెలుసు. గేదెలో, కిరాణమో, కూలిలో నేల మీది పనో, ఏదైనా సరే. జబ్బు దాచి చెట్టెక్కించడం మాత్రం వద్దు.

బండి నడపడం, ఒంటరిగా బావిలో దిగడం, చెరువులో ఈత, పొలం మోటరు దగ్గర ఒక్కడే ఉండటం, ఇవీ ప్రస్తుతానికి బంద్. స్నానాల గదికి లోపలి గొళ్లెం పెట్టుకోవద్దని చెప్పండి.

మాత్రల విషయానికొస్తే, పేరు రాయలేదు గానీ అది లెవెటిరాసెటామ్ అయి ఉండవచ్చు. ఇలాంటప్పుడు ఎక్కువగా రాసేది అదే. దాంతో కొందరికి చిరాకు, కోపం పెరగడం నిజం. మీ ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ కణత భాగం దెబ్బతిన్నందుకు కూడా కోపం రావచ్చు, అందుకే ఏది ఎందువల్లో డాక్టరే తేల్చాలి. కానీ దానికి మార్గం మాత్ర మానేయడం కాదు. డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు, లేదా వేరే మందు రాస్తారు. ఫిట్స్‌కు ఇప్పుడు చాలా రకాల మందులున్నాయి. ఇంట్లో పాత మాత్రలు మిగిలి ఉంటే అంచనా మీద మొదలుపెట్టకండి. పాత చీటీ తీసుకొని రేపే వెళ్లండి. కొన్ని వారాల్లోనే రెండు పెద్ద ఫిట్స్, మధ్యలో లెక్కలేనన్ని చిన్నవి అంటే వాయిదా వేసే విషయం కాదు. నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లి, న్యూరాలజిస్టుకు, అంటే మెదడు, నరాల డాక్టరుకు చూపించాలని అడగండి. అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌కు రాస్తారు. మెదడులోని విద్యుత్తును చూసే ఇ.ఇ.జి. పరీక్ష తీస్తారు, బహుశా ఎం.ఆర్.ఐ. మళ్లీ తీస్తారు. డిశ్చార్జి కాగితం, పాత స్కాన్ సీడీ మరిచిపోకండి. ఆరోగ్యశ్రీ కింద ఏం వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మందు ఖరీదు బరువైతే జన్ ఔషధి దుకాణంలో అడగండి, ఇవే మందులు చాలా తక్కువకు దొరుకుతాయి.

ఎన్నాళ్లు వాడాలి? మామూలుగా రెండేళ్లు ఒక్క ఫిట్స్ కూడా రాకుండా గడిచాక, మెల్లగా తగ్గించవచ్చేమో డాక్టర్లు ఆలోచిస్తారు. మెదడులో మచ్చ ఉన్నవాళ్లలో అంతకన్నా ఎక్కువ కాలం, కొందరికి జీవితాంతం కావాలి. బీపీ మాత్రలాగే అనుకోమని ఆయనతో చెప్పండి. నెలాఖరుకు డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, వారం ముందే తెచ్చిపెట్టుకోండి.

ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నా చేయాల్సింది కొంచెమే. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద తువ్వాల పెట్టండి, దగ్గర్లో కత్తి, పొయ్యి, రాయి ఉంటే తీసేయండి, గడియారం చూడండి. నోట్లో చెంచా గానీ, గుడ్డ గానీ, నీళ్లు గానీ వద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మన దగ్గర అందరూ చేస్తారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తాళంచెవులు వెతికి తెచ్చేసరికి ఆ టైమ్ ఎలాగూ అయిపోతుంది, పేరు తాళంచెవులకు వస్తుంది! ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ అంతసేపు ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఉంటుంది, మీ ఇంట్లో ఉంచుకోవాలేమో డాక్టర్ని అడగండి.

చిన్నోడి గురించి టెన్షన్ వద్దు. అది వేరే సంగతి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరం ఎక్కినప్పుడు ఫిట్స్ వస్తాయి. ఆ జ్వరం కూడా చాలాసార్లు వైరస్‌దే, కానీ ఆ వైరస్ మెదడులోకి పోదు. పసి మెదడు వేడికి తట్టుకోలేక అలా చేస్తుంది, వయసుతో పాటే పోతుంది. అలాంటి పిల్లల్లో మూడో వంతు మందికి ఇంకో జ్వరంలో మళ్లీ రావచ్చు. పెద్దయ్యాక మూర్ఛ జబ్బు ఉండేది చాలా కొద్దిమందికే. తండ్రికి వచ్చినదానికీ దీనికీ ముడి లేదు. అయితే మెదడువాపు అంటే మనకు పిల్లల చావులే గుర్తొస్తాయి. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చండీపుర వైరస్ 329 మంది పిల్లలకు సోకి 183 మందిని తీసుకుపోయింది, అందులో కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు చాలామంది. అది గోడ పగుళ్లలో ఉండే ఇసుక ఈగ కుట్టి వచ్చేది. వరి మడుల్లో పెరిగే దోమతో వచ్చే జపనీస్ మెదడువాపు ఇంకొకటి. కాబట్టి ఐదేళ్లు దాటిన పిల్లవాడికైనా, చిన్నవాడికైనా, జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చి ఆ తర్వాత మగతగా ఉన్నా, మెడ బిగుసుకున్నా, ఆగకుండా వాంతులైనా అది మామూలు జ్వరం ఫిట్స్ అనుకొని ఇంట్లో ఉంచుకోవద్దు.

మీ ఆయనకైనా జ్వరం, తలనొప్పి, మాట తడబాటు మళ్లీ కలిసి వస్తే అదే రోజు పెద్దాస్పత్రికి. అప్పుడు మాత్రం వైరస్ తిరగబెట్టిందనే అనుమానంతోనే చూడాలి.

రేపు వెళ్లేలోపు ఒక పని చేయండి. ఆ పరాకు చూపు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. మీ పెద్దపిల్లకు చెప్పినా తీస్తుంది. డాక్టరుకు మీరు పది నిమిషాలు చెప్పేది ఆ ముప్పై సెకన్లలో కనిపిస్తుంది. ఒక నోటుబుక్కులో తేదీ, టైమ్, ఎంతసేపు అనేది రాస్తూ పోండి. ఈ సమాధానం మీ ఆయనకు చదివి వినిపించాలనిపిస్తే తాళ్ల దగ్గర్నుంచి చదవండి. పై సంగతి మీరు అడిగారని ఆయనకు తెలియాల్సిన పని లేదు, మీ ఊరి పేరు వేయనిది అందుకే.